గ్రాంటుల పద్దు – పరిశోధకుల పటం

దుగ్గిరాల మార్కెటు యార్డులో పసుపు రాసులు పోసి ఉండగా చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఆ పసుపంతా దుగ్గిరాల పొలాలలోనే పండినది కాదు. కృష్ణ ఒడ్డున కొల్లిపర, కొల్లూరు ప్రాంతాల లంకలలోను, ఇంకా దూరపు ఊళ్లలోను దుంపలు తవ్వి, వండి, ఎండబెట్టి, మెరుగుపెట్టి, కొమ్ములు వేరు కాయలు వేరు చేసి, బస్తాలకెత్తి ఇక్కడికి తెస్తారు. బేరం ఇక్కడ కుదురుతుంది. అందుచేత ఊరు దాటిన తరువాత ఆ సరుకుకు దుగ్గిరాల పేరే నిలుస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. వర్తకుడికి కావలసినది బేరం జరిగే చోటు. కాని పైరుకు దుంపకుళ్లు తగిలినప్పుడు ఏమి చేయవలెనో తెలుసుకోదలచిన రైతు యార్డుకు పోడు. లంకలో నలభై పంటలు తీసిన పెద్దరైతును వెదకుకొంటూ పోతాడు. సరుకు పేరు ఒక చోటిది, నేర్పు మరొక చోటిది.

విద్యా పరిశోధన విషయంలో ఇట్టి తేడాయే ఒకటి తెలియకుండా పెరుగుతున్నది. ఏ విషయంలో ఎవరికి నేర్పు ఉన్నదో కనుగొనుటకు ప్రభుత్వం ఇచ్చిన పరిశోధన గ్రాంటుల పద్దులు ముందర పెట్టుకొని పటం గీసే పద్ధతి ఇటీవలి దశాబ్దాలలో పలు దేశాలలో బలపడినది. ప్రజల ధనంతో జరిగిన పరిశోధనకు లెక్క ఉండవలెననుట న్యాయమే. అయితే అట్టి పటం నేర్పును చూపుతున్నదా, లేక బేరం జరిగిన చోటును చూపుతున్నదా అన్నది పరీక్షించవలసిన విషయం.

పరీక్షకు ఒక కొలబద్ద కావలెను. దుగ్గిరాలలో ఒక ఉన్నత పాఠశాల గణితోపాధ్యాయుడు ఉన్నాడనుకొందాం. ఎనిమిదవ తరగతిలో సగం మంది పిల్లలు భిన్నాల వద్ద ఆగిపోతున్నారు. రెండు భిన్నాలను కూడమంటే లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడి ఊరకుంటారు. ఈ తప్పు ఎందుకు వస్తున్నది, తెలుగు మాధ్యమంలో చదివే పిల్లల విషయంలో దీనిని దిద్దుటకు ఎవరైనా ప్రయత్నించారా, ప్రయత్నించినవారు ఎక్కడ ఉన్నారు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పగల పటమే పనికివచ్చే పటం.

ఇదే ప్రాంతంలో వరి రైతుకు ఇట్టి ఇబ్బంది లేదు. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల ఏర్పడినది. అక్కడి వరి పరిశోధన కేంద్రం నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి రకానికి శాస్త్రీయమైన పేరు బి.పి.టి. 5204. ఆ మూడు అక్షరాలు బాపట్ల ఊరి పేరే. అట్లే ఎం.టి.యు. అంటే మారుటేరు, ఎన్.ఎల్.ఆర్. అంటే నెల్లూరు. విత్తనపు సంచి మీద పేరు చదివినవాడికి అది పుట్టిన చోటు తెలిసిపోతుంది; సందేహం వస్తే ఎక్కడికి పోవలెనో వేరే చెప్పనక్కరలేదు. బడి చదువులో పుట్టిన మంచి పద్ధతికి ఇట్లు ఊరి పేరు అంటి ఉండదు. పాఠ్యపుస్తకంలో ఒక కొత్త అభ్యాసం చేరినప్పుడు అది ఏ బడిలో, ఎవరి చేతిలో రూపు కట్టినదో పుస్తకం చెప్పదు.

ఈ లోటు కొత్తగా కనుగొన్నది కాదు. దౌలత్‌సింగ్ కొఠారీ అధ్యక్షతన 1964 నుండి 1966 వరకు పనిచేసిన విద్యా కమిషన్, విద్యా పరిశోధన ఫలితాలను ఒకచోట చేర్చి అందరికీ అందించే కేంద్రం ఒకటి జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలిలో ఉండవలెనని సిఫారసు చేసినది. ఎన్.సి.ఇ.ఆర్.టి. అని అందరూ పిలిచే ఆ మండలి 1961లో ఏర్పడినది. సాంఘిక శాస్త్రాల పరిశోధన మండలి 1969లో వచ్చినది. విద్యా పరిశోధనకు గ్రాంటులు ఇచ్చుటకై ఎన్.సి.ఇ.ఆర్.టి.లోనే 1974లో ఒక ప్రత్యేక సంఘం ఏర్పాటైనది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం కళాశాల అధ్యాపకులకు పెద్ద, చిన్న పథకాల పేరిట వేరుగా ధనసహాయం చేసినది. ఇన్ని ద్వారాల నుండి సొమ్ము పోయినది. పద్దు మాత్రం ఏ ద్వారం వద్ద దాని దగ్గరే ఉండిపోయినది.

ఆ రోజులలో వచ్చిన ఒక పనిని మెచ్చుకొనక తప్పదు. 1974లో బరోడా విశ్వవిద్యాలయపు విద్యా విభాగం నుండి ఎం.బి. బుచ్ సంపాదకత్వాన విద్యా పరిశోధనల సర్వే మొదటి సంపుటం వెలువడినది. దేశంలో విద్యావిషయంపై తొలి డాక్టరేటు 1943లో బొంబాయి విశ్వవిద్యాలయం ఇచ్చినది. అప్పటి నుండి జరిగిన సిద్ధాంత గ్రంథాలను, పథకాలను విషయాలవారీగా విడదీసి, ఒక్కొక్క దానికి క్లుప్తంగా సారాంశం వ్రాయించి ఆ సంపుటంలో చేర్చారు. ఉద్దేశ్యం ఏమిటి, ఎంతమంది పిల్లలను పరీక్షించారు, ఏ పరికరం వాడారు, ఏమి తేలినది అన్నవి వరుసగా కనబడతాయి. చివర పరిశోధకుని పేరు, విశ్వవిద్యాలయం ఉంటాయి. కార్డుముక్క మీద ఆ చిరునామాకు వ్రాసి అడుగుటకు అడ్డేమీ లేదు. తరువాతి సంపుటాలలో కొన్నిటిని ఎన్.సి.ఇ.ఆర్.టి. ప్రకటించినది. ఆరవ సర్వే 1993 నుండి 2000 వరకు జరిగిన పనిని పరిశీలించినది.

లోపం లేదా అంటే ఉన్నది. సంపుటానికి సంపుటానికి నడుమ ఏళ్లు గడిచాయి. సారాంశాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఐదేళ్ల నాటి పరిశోధన అచ్చై గ్రంథాలయానికి చేరేసరికి పరిశోధకుడు ఊరు మారి ఉండవచ్చును, కొందరు ఉద్యోగ విరమణ చేసి ఉండవచ్చును. ఐనను, అది చదివి వ్రాసిన పని. ప్రతి సారాంశం వెనుక, ఒక సిద్ధాంత గ్రంథం తెరచి చూసిన మనిషి ఉన్నాడు. ఈనాటి పటాలలో చాలావాటికి ఆ గౌరవం దక్కదు.

ఈనాటి పద్ధతి ఎట్లా సాగుతుందో విద్యార్థులు గ్రాఫు కాగితం మీదనే చేసి చూడవచ్చును. ఏ గ్రాంటు పద్దులోనైనా సామాన్యంగా ఉండే గడులు ఇవి: పథకం పేరు, ప్రధాన పరిశోధకుని పేరు, ఆయన సంస్థ, మంజూరైన మొత్తం, కాలపరిమితి, నాలుగు వాక్యాల ఉద్దేశ్యం. పథకం పేరు నుండి, ఉద్దేశ్యం నుండి ముఖ్యమైన మాటలు ఏరుతారు: భిన్నాలు, మాతృభాష, బాలికల హాజరు, ఉపాధ్యాయ శిక్షణ, ఇట్లా. కాగితం మీద అడ్డంగా విషయాలు, నిలువుగా మనుష్యుల పేర్లు వ్రాసి, ఎవరి పథకంలో ఏ మాట వచ్చినదో అక్కడ గుర్తు పెడతారు. ఒకే పథకంలో కలిసి పనిచేసినవారి పేర్ల నడుమ గీత గీస్తారు. ఒకే మాటలు తరచుగా వాడినవారు పటంలో దగ్గర దగ్గరగా చేరుతారు. సొమ్మును బట్టి ఒక్కొక్కరి సున్నాను పెద్దదిగానో చిన్నదిగానో వేస్తారు. వేల పథకాలుంటే ఈ పని కంప్యూటరు చేస్తుంది. సూత్రం మాత్రం ఇదే.

దీనిలో సుగుణాలు లేకపోలేదు. గ్రాంటు పద్దు బహిరంగమైనది, ఎవరైనా సరిచూడవచ్చును. తన గొప్ప తాను చెప్పుకొన్నది కాదు. సొమ్ము మంజూరు కాకముందు ఆ ప్రతిపాదనను ఇతర పండితులు చదివి, పనికివస్తుందని ఒప్పుకొని ఉంటారు. పరిశోధన వ్యాసం అచ్చు కావడానికి పథకం ముగిసిన తరువాత కూడా కొన్నేళ్లు పడుతుంది. గ్రాంటు పద్దు చూస్తే పని మొదలైననాడే తెలుస్తుంది. మన దేశంలో విశ్వవిద్యాలయ అధ్యాపకుల కొరకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే 'విద్వాన్' జాబితా ఉన్నది. అందులో వివరాలు పరిశోధకులే నింపుకొనవలెను. నింపనివారు లేనట్లే, ధారాళంగా నింపినవారు ఎక్కువ ఉన్నట్లు. ఆ మేరకు గ్రాంటు పద్దు నమ్మదగినది. అదే సంస్థ 'శోధ్‌గంగ' పేరిట సిద్ధాంత గ్రంథాలను పూర్తిగా చదువుటకు వీలుగా ఉంచుతున్నది. 2009 నాటి నిబంధనలు డాక్టరేటు పొందిన గ్రంథాల ప్రతులను ఇట్లు అప్పగించవలెనని చెప్పడం వలన ఇది సాధ్యమైనది. ఉపాధ్యాయునికి ఈ రెండిటిలో ఎక్కువ అక్కరకు వచ్చేది రెండవదే.

ఇక దోషాలు. మొదటిది సున్నా సైజు. రెండువందల బడులలో పరీక్షలు పెట్టవలెనంటే జీపులు, ప్రశ్నపత్రాల అచ్చు, పరిశీలకుల భత్యాలు కావలెను; నలభై లక్షలు అడుగుతారనుకొందాం. మరొకరు పన్నెండుమంది పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, భిన్నం అనగానే వారి మనస్సులో ఏమి మెదులుతున్నదో రెండేళ్లు వింటారు; దానికి రెండు లక్షలు చాలును. పటంలో మొదటివారి సున్నా రెండవవారి దానికి ఇరవై రెట్లు. దుగ్గిరాల ఉపాధ్యాయునికి కావలసిన మనిషి బహుశః రెండవవాడు. స్విట్జర్లాండు దేశపు జీన్ పియాజే శిశువుల బుద్ధి వికాసాన్ని గూర్చి చేసిన ప్రసిద్ధమైన పరిశీలనలలో ముఖ్యమైనవి తన ముగ్గురు బిడ్డల మీద చేసినవి. ఉయ్యాల పక్కన కూర్చున్నవాడికి జీపు ఖర్చు ఏముంటుంది?

శాశ్వతంగా జీతాలిచ్చే సంస్థలలో పనిచేసేవారి సంగతి ఇంకొకటి. బొంబాయిలో టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన హోమీభాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రం 1974 నుండి బడులలో విజ్ఞానం, గణితం బోధించే విషయమై పనిచేస్తున్నది. అట్టి చోట పనిచేసేవారు ప్రతి ప్రశ్నకూ వేరే గ్రాంటు కోసం దరఖాస్తు పెట్టనక్కరలేదు. దరఖాస్తు లేదు గనుక పద్దు లేదు. పద్దు లేదు గనుక పటంలో చుక్క కూడా చిన్నదే. గ్రాంటులు మాత్రమే చూసి దేశంలో విజ్ఞాన బోధన నేర్పరులు ఎక్కడున్నారని అడిగితే, ఉన్నచోటనే లేరని జవాబు రావచ్చును.

ఒకసారి గ్రాంటు దొరికినవారికి మరొకసారి దొరకడం సులభం. పేరున్న శాస్త్రజ్ఞునికి మరింత పేరు, పేరు లేనివానికి చేసిన పనికి కూడా గుర్తింపు రాకపోవడం అనే ధోరణిని అమెరికా సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లో విశదీకరించి దానికి 'మత్తయి ప్రభావం' అని పేరుపెట్టాడు. గ్రాంటుల పటాన్ని చూసి తరువాతి గ్రాంటు ఎవరికివ్వవలెనో నిర్ణయించే అధికారులుంటే ఈ ప్రభావం రెట్టింపవుతుంది. పటం నేర్పును కొలవడం మాని, నేర్పరులను తయారుచేయడం మొదలుపెడుతుంది.

రెండవ దోషం తెలుగువారికి మరీ దగ్గరది. దీనిని అర్థం చేసుకొనుటకు రెండు నిజమైన పరిశోధనలను చూడవలెను.

బ్రిటిషు ప్రభుత్వ ధనసహాయంతో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం నాయకత్వాన 'యంగ్ లైవ్స్' అనే దీర్ఘకాల పరిశీలన 2002లో నాలుగు దేశాలలో మొదలైనది. ఇథియోపియా, పెరూ, వియత్నాం, నాల్గవది భారతదేశం. భారతదేశంలో అది నడిచినది ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లోనే. 2001-02లో పుట్టిన సుమారు 2,000 మంది పిల్లలను, 1994-95లో పుట్టిన సుమారు 1,000 మందిని ఎంచుకొని, మూడు నాలుగేళ్లకొకసారి మళ్లీ అదే పిల్లలను వెదకి పట్టుకొని, వారి ఆహారం, ఎత్తు బరువులు, బడి, చదువు, కుటుంబ స్థితి వ్రాసుకొంటూ వచ్చారు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలు, హైదరాబాదు నగరం అందులో ఉన్నాయి, గుంటూరు లేదు. ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించిన పనిలో హైదరాబాదులోని ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం, తిరుపతిలోని శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం పాలుపంచుకొన్నాయి. తెలుగు పల్లెలలో పిల్లల చదువును గూర్చి ఇంత ఓపికగా, ఇంత కాలం జరిగిన పరిశీలన మరొకటి చూపడం కష్టం. సేకరించిన సమాచారాన్ని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలోని భాండాగారంలో ఉంచి, పేరు నమోదు చేసుకొన్న పరిశోధకులకు అందుబాటు చేయడం కూడా మెచ్చదగిన పని.

గ్రాంటు పద్దు చూసి పటం గీసేవాడు ఈ పరిశోధనకు గుండుసూది ఎక్కడ గుచ్చుతాడు? ఆక్స్‌ఫర్డులో. మంజూరు పత్రం మీద ఉన్న చిరునామా అదే. కడప జిల్లా పల్లెలో పదిహేనేళ్లపాటు అదే కుటుంబం గడప తొక్కి, పిల్ల పేరు చెప్పగానే ఇల్లు గుర్తుపట్టగల క్షేత్ర పరిశోధకురాలికి ఆ పటంలో చోటు లేదు. ఆమె సంస్థ పేరైనా 'భాగస్వామి' అనే గడి ఉన్న పద్దులోనే కనబడుతుంది. ఆ గడి లేని పద్దులో అదీ లేదు.

రెండవది కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తల పరిశోధన. పిల్లల మార్కులు పెరిగితే ఉపాధ్యాయునికి అదనపు సొమ్ము ఇస్తే చదువు మెరుగుపడుతుందా అన్నది ప్రశ్న. 2005లో మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్ అయిదు జిల్లాలలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా విభజించి ప్రయోగం చేశారు. రెండేళ్ల తరువాత, ప్రోత్సాహకం ఉన్న బడులలో పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారని తేలినది. ఈ ఫలితం 2011లో అమెరికాలోని ఒక ప్రముఖ ఆర్థికశాస్త్ర పత్రికలో వెలువడినది. ప్రోత్సాహకం మంచిదా కాదా అని ఉపాధ్యాయ లోకంలో వాదం తెగదు. అది వేరే సంగతి. ఇక్కడ గమనించవలసినది వేరు. రచయితలలో ఒకరు కాలిఫోర్నియాలోని విశ్వవిద్యాలయంలో, మరొకరు ప్రపంచ బ్యాంకులో ఉండిరి. బడులలో పరీక్షలు నడిపినది అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్. పరీక్షాపత్రాలు తెలుగులో పిల్లల ముందు పెట్టినప్పుడు వారు ఎక్కడ తడబడ్డారో కన్నులార చూసినవారు ఆ జిల్లాలలో తిరిగిన కార్యకర్తలు. భిన్నాల మీద తప్పులను గూర్చి దుగ్గిరాల ఉపాధ్యాయుడు అడగదలచిన ప్రశ్నకు ఆ కార్యకర్తలలో ఎవరైనా పది నిమిషాలలో జవాబు చెప్పగలరేమో. ఆ మనిషిని వెదకే దారి మాత్రం పటంలో లేదు.

ఇది ఆక్స్‌ఫర్డు తప్పు కాదు, ఆ ఆర్థికవేత్తల తప్పు కాదు. వారి నివేదికలలో జిల్లాల పేర్లు, సహాయపడినవారి పేర్లు ఉంటూనే ఉంటాయి. పద్దు తయారుచేసినవారు ఆ గడులు పెట్టలేదు. యార్డులో బస్తా అమ్మినప్పుడు ఇచ్చే చీటీ మీదనైనా రైతు పేరు, ఊరు వ్రాస్తారు. ప్రజల సొమ్ము కోట్లలో ఖర్చయ్యే పరిశోధన పద్దులో ఆ రెండు గడులు లేకపోవడం చిత్రమే.

మూడవ దోషం పేర్లలోను, మాటలలోను ఉన్నది. తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది. తరచుగా ఒక్క అక్షరంగా ముడుచుకొని ఉంటుంది. పాశ్చాత్య పట్టికలు చివరి మాటనే వంశనామంగా తీసుకొంటాయి. కె. వెంకటేశ్వరరావు అనే పేరు ఒక పద్దులో అట్లే ఉంటుంది. రెండవదానిలో 'రావు, కె.వి.' అవుతుంది, మూడవదానిలో ఇంటిపేరు పూర్తిగా వ్రాసి తక్కినవి పొడి అక్షరాలవుతాయి. ఒక మనిషి ముగ్గురవుతాడు. మరొకవైపు, వేరువేరు విశ్వవిద్యాలయాలలోని నలుగురు కె.వి. రావులు ఒక్క మహా పండితుడుగా కలిసిపోతారు. పెళ్లితో ఇంటిపేరు మారిన మహిళల పరిశోధన రెండు ముక్కలుగా తెగిపోతుంది. ఈ చిక్కు తీర్చుటకు 2012 నుండి 'ఆర్కిడ్' అనే ఏర్పాటు నడుస్తున్నది. పరిశోధకునికి పదహారు స్థానాల సంఖ్య ఒకటి ఇస్తారు, పేరు ఎట్లు వ్రాసినా సంఖ్య మారదు. అంతకు ముందు పనిచేసి విరమించినవారికి ఆ సంఖ్య లేదు. రావులు, రెడ్లు, ప్రసాదులు, లక్ష్ములు నిండిన తెలుగు నేల మీద గీసిన ఏ పటాన్నైనా ఈ సందేహంతోనే చూడవలెను.

మాటల సంగతి చూడండి. గ్రాంటుల పేర్లు దాదాపు అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మాధ్యమం గూర్చిన పరిశోధన ఒకచోట 'మాతృభాష' అని, మరొకచోట 'ప్రాంతీయ భాష' అని, ఇంకొకచోట 'బహుభాషా బోధన' అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల కింద దాగి ఉంటుంది. మాటకు మాట సరిపోల్చే యంత్రానికి ఇవి మూడు విషయాలు. పథకాల పేర్లు ఆనాటి ప్రభుత్వాల ఇష్టాన్ని బట్టి కూడా మారుతుంటాయి. ఒక దశాబ్దంలో 'కనీస అభ్యసన స్థాయిలు' అన్నది, తరువాత 'నాణ్యత', ఇప్పుడు 'అభ్యసన ఫలితాలు'. మనిషి అదే పని చేస్తూ ఉంటాడు. దరఖాస్తు పైన శీర్షిక మారుతుంది. పటంలో ఆయన ఒక విషయం వదలి మరొక విషయానికి వలసపోయినట్లు కనబడతాడు.

సొమ్ము ఆగినప్పుడు ఏమవుతుంది? అమెరికాలో విద్యా పరిశోధనకు 2002లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ తానిచ్చిన గ్రాంటులన్నిటినీ చక్కగా వరుసపెట్టి ప్రకటించేది. 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ ఒప్పందాలను ప్రభుత్వం పెద్ద ఎత్తున రద్దు చేసినది. పని ఆగిపోయినవారి నేర్పు ఆ నెలతో ఆవిరి కాలేదు. కాని గ్రాంటుల పద్దును మాత్రమే నమ్మే పటం మీద వారి సున్నాలు ఇక పెరగవు.

ఇదే ఆంధ్రదేశంలో ముందే జరిగినది. 1980 దశకంలో చిన్న ప్రయోగంగా మొదలై 1996 వరకు బ్రిటిషు ధనసహాయంతో ప్రాథమిక విద్యా పథకం ఒకటి రాష్ట్రమంతటా నడిచినది. ఆపెప్ అన్న పేరు పాత ఉపాధ్యాయులకు ఇంకా గుర్తే. పిల్లలు చేసి నేర్చుకొనుట, జట్లుగా పనిచేయుట, ఊరి పరిసరాలను పాఠానికి వాడుట, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించుట వంటి ఆరు సూత్రాలను అది బడులకు తెచ్చినది. ఉపాధ్యాయులు కేంద్రాలలో కలుసుకొని తమ పాఠాలను తామే తయారుచేసుకొన్నారు, ఏవి పారినవో ఏవి పారలేదో చెప్పుకొన్నారు. రాష్ట్రం అంత పెద్ద ప్రయోగశాలలో వేలమంది పొందిన అనుభవం అది. పథకం ముగిసిన తరువాత పద్దులో మిగిలినది ఒక పంక్తి: పథకం పేరు, మొత్తం, కాలం. అందులో నేర్చుకొన్నవారు ఉద్యోగ విరమణ చేసి ఊళ్లలో కూర్చున్నారు. వారిని పరిశోధకులని ఎవరూ పిలువలేదు.

1986 జాతీయ విద్యావిధానం మేరకు జిల్లాకొకటిగా ఏర్పడిన విద్యాశిక్షణ సంస్థలకు, శిక్షణతోపాటు క్రియాత్మక పరిశోధన కూడా ఒక బాధ్యతగా అప్పగించారు. పూర్వపు గుంటూరు జిల్లాకు బోయపాలెంలో అట్టి సంస్థ ఉన్నది. ఉపాధ్యాయుడు తన తరగతిలోని ఒక చిక్కును తీసుకొని, రెండు మూడు నెలలు ఒక ఉపాయం అమలుచేసి, ముందు వెనుకల మార్కులు పోల్చి వ్రాసే చిన్న పరిశోధనలు ఇవి. ఖర్చు తక్కువ, తెలుగులో జరిగేవి, బడిలోనే పుట్టేవి. వీటిలో కొన్ని బలహీనంగానే ఉంటాయి. పోల్చుటకు మరో తరగతి లేకుండానే విజయం ప్రకటించినవి కూడా ఉంటాయి. ఐనను భిన్నాల ప్రశ్నకు జవాబు దొరికే అవకాశం ఆక్స్‌ఫర్డు గుండుసూది వద్ద కన్న ఇక్కడే ఎక్కువ. గ్రాంటు మొత్తం ఇంతకు తక్కువైతే పద్దుకెక్కదనే హద్దు పెట్టినచోట ఇవి అసలు కనబడవు.

కాబట్టి గ్రాంటుల పటం వద్దనుట కాదు. దానిని గీసేవారు కొన్ని గడులు అదనంగా పెట్టవలెను. పని జరిగిన జిల్లా, మండలం; ఏ భాషలో జరిగినది; క్షేత్రంలో పనిచేసిన సంస్థ, మనుష్యులు వారి అనుమతితో; ఫలితం చదువుటకు దొరికే చోటు; పారని ప్రయోగమైతే పారలేదన్న మాట. సున్నా సైజు సొమ్మును బట్టి గాక, పిల్లల మధ్య గడిపిన కాలాన్ని బట్టి వేసి చూసినా పటం రూపమే మారిపోతుంది. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల విద్యా విభాగాలు, జిల్లా శిక్షణ సంస్థలు తమ దగ్గరి నివేదికల జాబితాను తెలుగులో ఒక్కచోట పెడితే ఢిల్లీ పద్దు కోసం ఎదురుచూడనక్కరలేదు. నాగార్జున విశ్వవిద్యాలయం 1976 నుండి ఈ ప్రాంతంలోనే ఉన్నది. మొదటి జాబితా అక్కడ తయారైనా ఆశ్చర్యపడనక్కరలేదు.

అది వచ్చేదాకా దుగ్గిరాల ఉపాధ్యాయుడు చేయగల పని ఒకటి ఉన్నది. గ్రాంటుల పద్దులో భిన్నాల మాట ఉన్న పథకం కనబడితే, ప్రధాన పరిశోధకుని పేరు వద్ద ఆగిపోకుండా, ఆ పథకం నివేదికనో సిద్ధాంత గ్రంథాన్నో తెరచి కృతజ్ఞతల పుట చదవవలెను. బడులలో తిరిగినవారి పేర్లు, అనుమతిచ్చిన ప్రధానోపాధ్యాయుల పేర్లు, లెక్కలు వేసినవారి పేర్లు అక్కడ ఉంటాయి. వారిలో ఒకరు తెనాలిలోనో రేపల్లెలోనో ఉండవచ్చును.